పెళ్ళిగోడ కాపలాదారులు

ఈతమానువలసలో తెలివైన ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే, అడిగిన మాట పూర్తవకముందే ఒక ఇంట్లోవాళ్ళు ముగ్గురూ చెయ్యెత్తేవారు. అప్పలస్వామి, అతని పెళ్ళాం పైడితల్లి, అతని తమ్ముడు గురువులు. ముగ్గురిదీ సున్నాలు వేసే పని. ఊళ్ళో ఏ గోడ తెల్లగా ఉన్నా అది వాళ్ళ చేతి చలవే. ఇల్లంతా వెయ్యమంటే వాళ్ళు ఇల్లంతా వేసేవారు. గోడలూ, తలుపులూ, తలుపు గొళ్ళేలూ, అరుగు మీద కునుకు తీస్తున్న తాతగారూ, అన్నీ తెల్లబడేవి. తాతగారు లేచి తిడితే, ఆయన ఇంట్లోవాడు కాడని మాకెవరు చెప్పారని అడిగేవారు.

ముగ్గురిలోకీ తెలివైనది పైడితల్లి. ఆ మాట ఆమే చెప్పేది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడమే తెలివనీ, సొంతంగా ఒక అక్షరం కలిపినా అది పొగరనీ ఆమె లెక్క. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు, పాలు పొంగుతాయేమో చూడమ్మా అని అత్తగారు చెప్పి పెరట్లోకి వెళ్ళింది. పైడితల్లి పొయ్యి ముందు కూచుంది. పాలు గిన్నె అంచుదాకా రావడం చూసింది, అంచు దాటడం చూసింది, పొయ్యిలోకి దిగడం చూసింది, పొయ్యి ఆరిపోవడం కూడా చూసింది. అప్పుడు వెళ్ళి, పొంగాయత్తా, మొదటినుంచి చివరిదాకా చూశానని చెప్పింది. అత్తగారు ఆ రోజే వంటింటి పని తను తీసేసుకుంది. కోడలి తెలివికి మెచ్చి పని తగ్గించిందని పైడితల్లి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ ఊళ్ళో ఒక సత్రం ఉంది. దాని నడవ చివర చిన్న అర ఉంది. మూడు పక్కలా గోడలు, ముందువైపు తెరుచుకుని ఉంటుంది. లోపలి గోడ నిండా గౌరమ్మ పెళ్ళి బొమ్మ. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు, తాతల తాతల నాటిది. శివుడు పీటల మీద, పక్కనే గౌరమ్మ, చుట్టూ పెళ్ళికొచ్చిన దేవతలు. ఊళ్ళో పెళ్ళైన ప్రతి జంటా ముందు అక్కడికి వెళ్ళి దణ్ణం పెట్టుకోవాలి. అందుకే దాన్ని పెళ్ళిగోడ అనేవారు. సత్రం వంటశాల పొగంతా ఏళ్ళ తరబడి ఆ అరలోకే చేరేది. బొమ్మ నల్లబడి, నల్లబడి, ఇప్పుడు దేవతలెవరో పొగ ఏదో తెలియకుండా అయింది.

పైడితల్లికి మాత్రం ఆ గోడంటే ప్రాణం. గౌరమ్మ వెనకాల పళ్ళెం పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటుంది. మసిలోంచి సగమే కనిపిస్తుంది. ఆ నిలబడే తీరు చూసి, చిన్నప్పుడే పోయిన తన తల్లి అక్కడికి వచ్చి నిలబడిందని ఆమె నమ్మకం. సత్రం వైపు వెళ్ళినప్పుడల్లా ఆ పళ్ళెం మనిషితో ఇంటి సంగతులన్నీ చెప్పి, వెళ్ళొస్తానమ్మా అని వచ్చేది.

ఒకరోజు సత్రం ధర్మకర్త నాగభూషణం గారు ముగ్గురినీ పిలిపించారు. ఆ నల్లగోడ చూస్తే భోజనానికి వచ్చినవాళ్ళకు ముద్ద దిగడం లేదనీ, దాని మీద రెండు పూతలు సున్నం కొట్టెయ్యమనీ చెప్పారు. చెప్పింది చెయ్యడమే తెలివి కాబట్టి పైడితల్లి సున్నం కలిపింది, బక్కెట్టు తెచ్చింది, కుంచె ముంచింది. కానీ చెయ్యి లేవలేదు. కుంచెలోంచి సున్నం కాలి మీద కారుతోంది, ఆమె కళ్ళలోంచి నీళ్ళు కుంచె మీద కారుతున్నాయి.

సరిగ్గా అప్పుడే హైమవతి గారు వచ్చింది. పట్నంలో పాత బొమ్మలు బాగుచేసే ఆవిడ. సన్నగా, పొడుగ్గా, మెళ్ళో భూతద్దం వేలాడేసుకుని ఉంటుంది. ఈ గోడ సంగతి ఎవరో చెబితే విని, బస్సు దిగి నేరుగా వచ్చి, బక్కెట్టుకీ బొమ్మకీ మధ్య నిలబడింది. నాగభూషణం గారితో చాలాసేపు వాదించింది. చివరికి ఆయన పౌర్ణమి దాకా గడువిచ్చారు. ఆలోపు బొమ్మ బయటపడితే సరే, లేదంటే సున్నం. వెళ్తూ వెళ్తూ ముగ్గురికీ ఒక మాట చెప్పారు. ఈవిడకి సాయంగా ఉండండి, ఈవిడ ఏం చెబితే అది చెయ్యండి అని.

అంతే. ఆ ఒక్క మాట చాలింది.

మొదటిరోజు హైమవతి గారు దీపం పట్టుకుని గోడంతా వెతికి వెతికి చూసి నిట్టూర్చింది. గౌరమ్మ చీర ఒకప్పుడు చిలకపచ్చగా ఉండేదనీ, పాపం ఆ రంగంతా ఎగిరిపోయిందనీ అంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎగిరిపోయింది సరే, ఎక్కడో ఒకచోట వాలాలి కదా. గురువులు దుప్పటి తీశాడు, అప్పలస్వామి గంప తీశాడు, పైడితల్లి ముందు నడిచింది. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. సత్రం పెరట్లో జామచెట్టు మీద, చిలకపచ్చ రంగు, తీరిగ్గా కూచుని జామపండు తింటోంది.

"చీర రంగే," అంది పైడితల్లి మెల్లగా. "ముక్కు దగ్గర ఎర్రగా ఉంది చూడు, అది అంచు."

అప్పలస్వామి చెట్టెక్కాడు, దుప్పటితో సహా కింద పడ్డాడు, పడ్డా దుప్పటి వదల్లేదు. ముగ్గురూ చిలకని తీసుకొచ్చి గోడ ముందు వదిలి, అమ్మగారూ, రంగు దొరికింది, అతికించుకోండి అన్నారు. చిలక నడవంతా గిరగిరా తిరిగి, దూలం మీద వాలి, అక్కడినుంచి సూటిగా శివుడి నుదుటి మీద ఒక రెట్ట వేసింది. విబూది రంగు కూడా ఇదే పట్టుకుపోయినట్టుందని గురువులు సంతోషించాడు. హైమవతి గారు పట్నం మనిషి, వీళ్ళు వేళాకోళానికి చేశారనుకుని నవ్వేసింది. ఆవిడ నవ్వింది కదా అని వాళ్ళూ నవ్వారు. ఆ రెట్ట తుడవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

మర్నాడు ఆవిడ గోడ అడుగుభాగం చూసింది. అక్కడంతా తెల్లటి పొడి పొంగుతోంది. గోడ నీళ్ళు తాగేసిందనీ, అందుకే ఇలా ఉప్పు కక్కుతోందనీ, ముందు ఆ కక్కడం ఆగాలనీ చెప్పి, బయట వాననీళ్ళు పోయే కాలవ ఎక్కడ పూడిందో చూడ్డానికి వెళ్ళింది. పైడితల్లి మనసు కరిగిపోయింది. కక్కుకుంటున్న ప్రాణిని అలా వదిలేసి పోవడానికి ఆవిడకి కాళ్ళెలా వచ్చాయో ఆమెకి అర్థం కాలేదు. ఇంటికి పరిగెత్తి వాము కషాయం కాచింది. చేదుగా ఉంటే తాగదేమోనని ఇంత బెల్లం కొట్టి వేసింది. గ్లాసుతో కొంచెం కొంచెంగా గోడ అడుగున పోస్తూ, తాగు తల్లీ, తాగితే తగ్గిపోద్ది అని బుజ్జగించింది. గోడ చుక్క మిగల్చకుండా తాగింది.

ఇంకేముంది, సాయంత్రానికి ఊళ్ళో చీమలన్నీ బెల్లం వాసన పట్టాయి. శివుడి కాళ్ళ దగ్గర ఎక్కి, మోకాళ్ళ మీదుగా, గౌరమ్మ చేతిలోని దండ దాకా బారు కట్టాయి. హైమవతి గారు వచ్చి చూసి తల పట్టుకుంది. ఎవరి పని అని అడిగే ఓపిక కూడా లేక, ముందు ఈ చీమలకి బయటికి దారి చూపించండి అని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఈసారి గురువులు ముందుకొచ్చాడు. దారులు వెయ్యడంలో తనకు సాటి లేడని అతని నమ్మకం. మెత్తగా దంచిన బెల్లంతో గోడ అడుగునుంచి నడవ మీదుగా, మెట్లు దిగి, వీధిలో వేపమాను కింద చీమలపుట్ట దాకా చక్కగా ఒక గీత వేశాడు. మధ్యలో వంకర లేకుండా తాడు పట్టి మరీ వేశాడు. లోపలి చీమలు ఆ దారి చూసి బయటికి బయలుదేరాయి. పుట్టలో చీమలు అదే దారి చూసి లోపలికి బయలుదేరాయి. ఆ దారి సరిగ్గా మధ్యలో నాగభూషణం గారు పీట వేసుకుని పలహారం చేస్తున్నారు. కాసేపటికి ఆయన పంచె దులుపుకుంటూ నడవంతా గెంతారు. గెంతడం అయ్యాక, పౌర్ణమి ఎంతో దూరం లేదని హైమవతి గారికి గుర్తు చేసి వెళ్ళారు. దారంటూ వేశాక పోయేవాళ్ళూ ఉంటారు, వచ్చేవాళ్ళూ ఉంటారు, దానికి నేనేం చెయ్యనని గురువులు చిన్నబుచ్చుకున్నాడు.

ఆ రోజుతో హైమవతి గారికి వీళ్ళది వేళాకోళం కాదని తెలిసిపోయింది. ఇకనుంచి తేలిక పనులే చెప్పాలనుకుంది. బొమ్మ పైభాగం బాగుచెయ్యడానికి పరంజా కట్టించి, నిచ్చెన వేసుకుని ఎక్కింది. ఎక్కేముందు అప్పలస్వామికి చెప్పింది, నిచ్చెన గట్టిగా పట్టుకో, ఏం జరిగినా వదలకు అని. మిగతా ఇద్దరికీ చెప్పింది, పైన రంగు పొరలు లేస్తున్నాయి, ఒక్కొక్కదాన్నీ మెల్లగా పడుకోబెట్టాలి, అలికిడి చెయ్యకండి అని.

ఆవిడ పైన కూచుని, సన్న కుంచెతో ప్రతి పెచ్చు కిందా జిగురు పెట్టి, వేలితో అదిమి గోడకి అంటిస్తోంది. కింద పైడితల్లికి కాలు నిలవలేదు. పాపం అన్ని పొరల్ని ఒక్క మనిషి ఎలా పడుకోబెడుతుంది? ఆమె మెల్లగా జోలపాట అందుకుంది. పైడితల్లి గొంతు బాగుంటుంది, అది మాత్రం నిజం. పాట నడవలోకి పాకింది. నడవలో కూచున్న బాటసారులు నిద్రపోయారు. వాళ్ళ వెనక వంటశాలలో వంటవాడు గరిటె పట్టుకునే నిద్రపోయాడు. అన్నం మాడింది. మాడిన పొగంతా అలవాటు ప్రకారం వచ్చి అరలో చేరింది. ఆ పూట సత్రంలో ఎవరికీ భోజనం లేదు.

అప్పలస్వామికి ఆకలి వేసింది. ఇంటికి వెళ్ళి తినొద్దామనుకున్నాడు. కానీ నిచ్చెన వదలొద్దని చెప్పారు. అంతే, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. దాన్ని పట్టుకునే కాళ్ళు కడుక్కున్నాడు, పట్టుకునే చద్దన్నం తిన్నాడు, దాన్ని కావలించుకునే కాసేపు నడుం వాల్చాడు.

పరంజా మీద హైమవతి గారు దిగుదామని చూస్తే నిచ్చెన లేదు. కిందికి కేకేసింది. పైడితల్లి, గురువులు ఇద్దరూ కంగారుగా నోటి మీద వేలు పెట్టుకుని, ఊరుకోమని సైగ చేశారు. ఆవిడ ఇంకోసారి కేకేసింది. వాళ్ళు ఇంకా గట్టిగా సైగ చేశారు. ఆవిడ చెప్పిన మాట ఆవిడే మర్చిపోతే గుర్తు చెయ్యాల్సింది వాళ్ళే కదా. దీపాల వేళకి అప్పలస్వామి నిచ్చెనతో సహా తిరిగొచ్చాడు. అప్పటికి దిగే దారి లేక ఆవిడ పైభాగమంతా పూర్తి చేసేసింది. దిగాక రెండు చెంబుల నీళ్ళు తాగి, కాసేపు స్తంభానికి ఆనుకుని కూచుంది.

పౌర్ణమి దగ్గర పడుతోంది. జిగురు అయిపోయింది. తప్పనిసరిగా పట్నం వెళ్ళి తేవాలి. వీళ్ళ చేతుల్లో బొమ్మని వదిలి వెళ్ళడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. కానీ వెళ్ళక తప్పదు. గౌరమ్మ బుగ్గ మీద రంగు రాలిపోకుండా పల్చటి కాగితం అంటించింది. తర్వాత ముగ్గురినీ వరసగా నిలబెట్టి, ఈసారి చాలా జాగ్రత్తగా, పసిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"మీరు ఏ పనీ చెయ్యొద్దు. నేను వచ్చేదాకా బొమ్మ మీద చెయ్యి వెయ్యొద్దు. ఓ కన్నేసి ఉంచండి, చాలు."

బస్సు వెళ్ళిపోయింది. ముగ్గురూ వచ్చి గోడ ముందు కూచున్నారు. కన్నెయ్యాలి సరే, ఎవరికి వెయ్యాలి? అప్పలస్వామి ఒక్కొక్క దేవతనీ చూస్తూ వచ్చాడు. శివుడికి మూడున్నాయి, ఆయనకింక అక్కర్లేదు. బ్రహ్మకి తలలే నాలుగు, కళ్ళకి లోటేటి. అలా చూస్తూ గౌరమ్మ దగ్గర ఆగిపోయాడు. గౌరమ్మ సిగ్గుపడి పక్కకి తిరిగి ఉంది. పక్కనుంచి చూస్తే కనిపించేది ఒక్క కన్నే.

"ఓలమ్మా," అంది పైడితల్లి గుండెల మీద చెయ్యి వేసుకుని. "ఇన్నేళ్ళూ ఒంటికన్నుతోనే పీటల మీద కూచోబెట్టారు. అందుకే అమ్మగారు మనసాగక చెప్పి వెళ్ళింది."

ఇంటికి వెళ్ళి తన కాటుక భరిణె తెచ్చింది. ఇంతలో గురువులుకి అసలు చిక్కు తట్టింది. కన్నెయ్యాలి, కానీ చెయ్యి వెయ్యకూడదు. ముగ్గురూ చాలాసేపు తలలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి గురువులే పరిష్కారం కనిపెట్టాడు. చెయ్యి వెయ్యొద్దన్నారు కానీ కాలు వెయ్యొద్దనలేదు. అంతే, పరంజా మీద వెల్లకిలా పడుకుని, కుంచె కాలివేళ్ళ మధ్య ఇరికించుకుని, అన్నయ్య నడుం పట్టుకుంటే, వదిన కాటుక అందిస్తే, గౌరమ్మ చెవి పక్కన, బుగ్గ మీద కన్నేశాడు. కాలితో వేసింది కదా, అది గుత్తివంకాయంత వచ్చింది. కనురెప్పలు పందిరి మీది కాకరతీగలా వచ్చాయి. చూపు మాత్రం సూటిగా వీధి గుమ్మం వైపు ఉంది.

మర్నాడు పొద్దున్న పూలమ్మే ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టి, గౌరమ్మ తననే చూస్తోందని బుట్టతో సహా కూలబడింది. ఇంకేముంది, అమ్మవారు చెవి దగ్గర కన్ను తెరిచిందని గాలికంటే ముందు కబురు పాకింది. పక్క ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు. కర్పూరం వెలిగించారు. ఆ పొగ కూడా గోడకే పట్టింది. గురువులు మాత్రం గుమ్మంలో నిలబడి, ఏ కాలితో వేశాడో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాడు.

ఆ చూపించడంతోనే సంగతి నాగభూషణం గారి చెవిన పడింది. ఆయన వచ్చి చూశారు. ఆయన ఎటు జరిగితే ఆ కన్ను అటే చూస్తున్నట్టుంది. అమ్మవారి ముఖాన కాలితో రాతలా అని వణికిపోయారు. జనాన్నంతా బయటికి పంపి, ఇంక గడువూ లేదు, గిడువూ లేదు, రేపు పొద్దున్నే సున్నం కొట్టేస్తే ఈ గొడవ వదిలిపోతుందని ముగ్గురికీ ఖరాఖండీగా చెప్పారు.

పైడితల్లికి ఆ రోజు అన్నం సయించలేదు. తను చేసింది తప్పని ఆమెకి తోచలేదు. చెప్పింది చెప్పినట్టే చేశారు కదా. కానీ అలా చేసినా అమ్మ ముఖం మీద సున్నం ఎందుకు పడుతోందో ఆమెకి అర్థం కావడం లేదు. పొద్దున్నే బక్కెట్టు పట్టుకుని సత్రానికి వెళ్ళి, పళ్ళెం మనిషి ముందు నిలబడి, ఇంట్లో సంగతులు చెబుదామని నోరు తెరిచింది. గోడకి తలానించి ఏడ్చింది.

మొదటి బస్సుకి హైమవతి గారు దిగింది. లోపలికి వచ్చి గోడ చూసి, చేతిలో సంచీ జారవిడిచి, నేల మీద కూచుండిపోయింది. పైడితల్లి దగ్గరికి వచ్చి పక్కన కూచుంది.

"మీరు చెప్పినట్టే కన్నేశాం అమ్మగారూ. బాలేదా?"

హైమవతి గారు ఆమె ముఖం చూసింది. ఆ ముఖంలో వేళాకోళం లేదు, కపటం లేదు. బక్కెట్టులోకి కారుతున్న కన్నీళ్ళు మాత్రం ఉన్నాయి. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక దగ్గొచ్చింది. తప్పు మీది కాదు, మాట నాది అంది. తర్వాత లేచి వెళ్ళి, నాగభూషణం గారిని బతిమాలి సాయంత్రం దాకా ఆపింది. ఆ పూట తన ఇంటికి చుట్టాలొచ్చి ఉండడం వల్ల ఆయనా సరేనన్నారు.

అదృష్టం కొద్దీ కాటుకంతా బుగ్గ మీద అంటించిన పల్చటి కాగితం మీదే పడింది. ఆవిడ దాన్ని తడిపి మెల్లగా ఒలిచేసరికి గుత్తివంకాయ కన్ను కాగితంతో పాటే వచ్చేసింది. కింద గౌరమ్మ బుగ్గ నిగనిగలాడుతోంది. ఇక మిగిలింది అక్కడక్కడా ఉన్న మసి. పుల్లకి దూది చుట్టి, నాలిక మీద అద్ది, ఆ తడితో గోరంత గోరంత తుడవడం మొదలుపెట్టింది. నీళ్ళు వాడితే రంగు పోతుందనీ, ఇలాంటి మసికి ఉమ్మితడే మేలనీ అడిగిన అప్పలస్వామికి చెప్పింది. ఆ మాట గురువులు విన్నాడు. ఇంత గోడకి ఒక్క మనిషి ఉమ్మి ఎక్కడ సరిపోతుందని జాలిపడి, వీధిలోకి పరిగెత్తాడు. కాసేపటికి ఊళ్ళో తాంబూలం వేసుకునే పెద్దమనుషులందరినీ వరసగా నిలబెట్టి తీసుకొచ్చాడు. అందరి బుగ్గలూ నిండుగా ఉన్నాయి. హైమవతి గారు నిచ్చెన దిగి ఒక్క పరుగున వెళ్ళి, రెండు చేతులూ చాచి నడవ గుమ్మానికి అడ్డం నిలబడింది. తర్వాత లోపలినుంచి గడియ పెట్టుకుని పని చేసింది. పైడితల్లిని మాత్రం తన పక్కనే కూచోబెట్టుకుని, దూది చుట్టివ్వమంది. దూది చుట్టడమంటే దూది చుట్టడమే, అందులో వేరే అర్థం లేదు. పైడితల్లి చక్కగా చుట్టిచ్చింది.

మధ్యాహ్నానికి పళ్ళెం మనిషి ముఖం మసిలోంచి బయటపడింది. పైడితల్లి ఊపిరి బిగబట్టి చూసింది. కళ్ళు బయటపడ్డాయి, ముక్కు బయటపడింది, ముక్కు కింద ఇంత లావు మీసం బయటపడింది. అది పెళ్ళికి పళ్ళెం మోయడానికి వచ్చిన మగమనిషి. దూది చుట్టిస్తూ పైడితల్లి చెప్పడంతో, హైమవతి గారికి ఈ గోడకీ ఆమెకీ ఉన్న చుట్టరికం అప్పటికి తెలుసు. ఏమంటుందోనని భయంగా చూసింది.

"మా అయ్య మీసమే," అంది పైడితల్లి, ముఖం చేటంత చేసుకుని. "ఇద్దరూ కలిసే వచ్చారన్నమాట."

సాయంత్రం నాగభూషణం గారు వచ్చారు. దీపం ఎత్తి చూశారు. శివుడు నవ్వుతున్నాడు, గౌరమ్మ సిగ్గుపడుతోంది, దేవతలందరూ ఎవరికి వాళ్ళు తెలుస్తున్నారు. పెళ్ళైనప్పుడు ఆయన కూడా ఆ గోడకే దణ్ణం పెట్టుకున్నారు. అప్పుడే నల్లగా ఉండేదేమో, ఆయన గౌరమ్మ ముఖం చూడ్డం ఇదే మొదలు. చెప్పులు విప్పి, వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకొచ్చి దణ్ణం పెట్టుకున్నారు. సున్నం బక్కెట్టు తనే పెరట్లో పారబోశారు. మర్నాడు పౌర్ణమికి చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలందరినీ పిలిచి చూపిద్దామన్నారు. ఇక ఈ బొమ్మని కాపాడే భారం మీదేనని ముగ్గురికీ అప్పజెప్పారు. దీనికి గాలి తగలకూడదు, పొగ తగలకూడదు, మనిషి చెయ్యి తగలకూడదు, మీరు దీన్ని వదిలి కదలకూడదు అన్నారు. హైమవతి గారు అప్పటికే అలసటతో పై వసారాలో నిద్రపోతోంది. ఆవిడ వినుంటే ఆ మాటలు వెంటనే ఆపేసేది.

పౌర్ణమి పొద్దున్న నాగభూషణం గారు పెద్దల్ని ఎదురెళ్ళి తీసుకొచ్చారు. హైమవతి గారు పట్టుచీర కట్టుకుని వచ్చింది. అందరూ నడవ చివరికి వెళ్ళి నిలబడ్డారు. అక్కడ అర లేదు. బొమ్మా లేదు. నేలనుంచి కప్పుదాకా పచ్చి ఇటుకగోడ ఉంది. వంటశాల కోసం తెచ్చిపెట్టిన ఇటుకలన్నీ అందులోనే ఉన్నాయి. గోడ లోపలినుంచి దగ్గు వినిపించింది.

లోపల ముగ్గురూ ఉన్నారు. బొమ్మని వదిలి కదలకూడదన్నారు కాబట్టి లోపలే ఉండి కట్టారు. తలుపు పెడితే గాలి తగులుతుంది కాబట్టి తలుపు పెట్టలేదు. బయటికి రమ్మంటే, ఎలా వస్తాం బాబూ, గోడుంది కదా అని లోపలినుంచి అప్పలస్వామి వివరించాడు. పెద్దలు నవ్వు దాచుకోవడానికి ఒకరి వెనక ఒకరు దగ్గారు. హైమవతి గారు గోడకి నోరు ఆనించి, వాళ్ళు బొమ్మ వైపు తిరిగి కూచుని ఉంటారని ఊహించి, మీ వెనక ఉన్న గోడ పగలగొట్టండి అని చెప్పింది. పెద్దావిడ మాట్లాడుతుంటే వీపు చూపించడం మర్యాద కాదని ముగ్గురూ లేచి ఆవిడ గొంతు వైపు తిరిగి నిలబడ్డారు. ఇప్పుడు వాళ్ళ వెనక ఉన్నది బొమ్మ గోడ. అప్పలస్వామి గునపం ఎత్తాడు.

గునపం దించేముందు పైడితల్లి, ఆగయ్యా, అమ్మనీ అయ్యనీ అడిగి కొట్టు అంది. ఆ మాట బయటికి వినపడబట్టి సరిపోయింది. హైమవతి గారు ఉన్న గొంతంతా పెట్టి, ఏదీ కొట్టొద్దు, గునపం కింద పెట్టి కదలకుండా నిలబడండి అని అరిచింది. తర్వాత బయటివాళ్ళే ఇటుకలు ఒక్కొక్కటే లాగి, మనిషి పట్టేంత కన్నం చేశారు. ముగ్గురూ మట్టి కొట్టుకుపోయిన ముఖాలతో బయటికి వచ్చారు.

బొమ్మకి ఏమైందోనని హైమవతి గారు ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఆ కన్నంలోంచి లోపలికి దూరింది. ఆవిడ వెనకే దీపం పట్టుకుని నాగభూషణం గారు దూరారు. లోపల బొమ్మకి చీమ కుట్టినంత కూడా కాలేదు. గౌరమ్మ చల్లగా సిగ్గుపడుతోంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకుని, అంగుళం అంగుళం దీపం తిప్పుతూ, అలా చూస్తూ ఉండిపోయారు. బయట పెద్దల్ని కాస్త మజ్జిగ తాగి రమ్మని వంటవాడు పిలుచుకుపోయాడు.

కన్నం ముందు ముగ్గురే మిగిలారు. పైడితల్లికి ఆ కన్నంలోంచి లోపలికి గాలి పోతున్నట్టు చేతికి తగిలింది. గాలి తగలకూడదని ధర్మకర్త గారు నోరారా చెప్పారు. ఆయన చూస్తుండగానే పని పాడైతే ఇంటి పరువు ఏం కావాలి? ఆమె ఇటుక అందించింది, అప్పలస్వామి పేర్చాడు, గురువులు మట్టి మెత్తాడు. అలవాటైన చేతులు కదా, పెద్దలు మజ్జిగ తాగి మూతులు తుడుచుకుని వచ్చేలోపల కన్నం మాయమైపోయింది, ఎక్కడ ఉండేదో కూడా తెలియకుండా.

లోపలినుంచి దబదబా చప్పుడు మొదలైంది. నాగభూషణం గారు రెండు చేతులతో గోడ బాదుతున్నారు. ఏమిటా చప్పుడని పెద్దలు అడిగారు. పైడితల్లి చెవి ఆనించి విని, తృప్తిగా తల ఊపింది.

"బాబుగారు గోడ గట్టిగా ఉందో లేదో చూస్తున్నారు," అంది. "ఇంకో వరస వేద్దారి, ఇటుకలు అందుకో గురువులూ."